జెండా వంతు

మా అమ్మ ఈ దేశం కంటే ఏడాది పెద్దది. ఈ లెక్క నాది కాదు, ఆవిడదే. టీవీలో ఎవరో నాయకుడు గొంతు చించుకుంటుంటే చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, "నాకు సెప్తాడేటి? నా తరవాత పుట్టింది గదా ఈ దేశం" అంటుంది. తనకంటే చిన్నవాళ్ళందరినీ ఎలా చూస్తుందో దేశాన్నీ అలాగే చూస్తుంది. వేళకు అన్నం తిందా, ఒళ్ళు బాగుందా, ఎవరితోనైనా దెబ్బలాట పెట్టుకుందా అని.

ఆవిడ పేరు సుజాతమ్మ. నేను ఆవిడ ఒక్కగానొక్క కొడుకుని, సొలొమోనుని. ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే యార్డు పక్కనున్న తెలుగు సంఘానికి పాస్టర్ని. జ్ఞాని పేరు పెట్టారు గాని ఆయన జ్ఞానం నాకు రాలేదు, ఎవరిదో కోపం మాత్రం వచ్చింది. పాస్టరుకు కోపం ఉండకూడదు అంటుంటారు. ఆ అనేవాళ్ళు ఒక్కసారి వచ్చి మా కమిటీ మీటింగులో కూర్చుంటే తెలుస్తుంది.

నిరుడు ఆగస్టులో మా అమ్మకీ నాకూ ఒక యుద్ధం జరిగింది. ఓడిపోయింది నేనే. అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

మా వాళ్ళది టెక్కలి వైపు. ముత్తాతల కాలంలో పట్టాలు వేసుకుంటూ వేసుకుంటూ ఇక్కడిదాకా వచ్చేశారని చెప్పుకుంటారు. నిజమో కాదో తెలియదు గాని, చెప్పుకోడానికి బాగుంటుంది. తాత వర్క్‌షాపులో బరువులు మోసే కలాసీ. మా నాన్న తీతు లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, బజార్లో బెంగాలీ, డ్యూటీలో హిందీ, ఆదివారం ప్రార్థనలో మళ్ళీ తెలుగు. దేవుడికి బెంగాలీ రాదని మా ముసలివాళ్ళ గట్టి నమ్మకం.

మా మందిరానికి గంట లేదు. వేపచెట్టుకి ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుంది, దాన్ని ఇనప బోల్టుతో కొడతాం. ఆ శబ్దానికి యార్డులో షంటింగు చేసేవాళ్ళు కూడా ఇప్పుడు టైము చూసుకుంటారు. మందిరం కట్టిన కొత్తలో, మొదటి ఆగస్టు పదిహేనుకి ఒక పెద్ద ఆఫీసరుని జెండా ఎగరెయ్యడానికి పిలిచారట. ఆయన రాలేదు. ఎండ నెత్తికెక్కింది, ఉప్మా చల్లారిపోయింది, పిల్లలు ఏడుపు మొదలెట్టారు. అప్పటి పాస్టరుగారికి ఒళ్ళు మండి, "ఆఫీసరు లేకపోతే స్వాతంత్ర్యం ఆగిపోతుందా?" అని, అక్కడున్నవాళ్ళలో అందరికంటే పెద్దదయిన ఒక గ్యాంగ్‌మన్ భార్య చేతికి తాడిచ్చేశారు. ఆనాటి నుంచీ మా సంఘంలో అదే పద్ధతి. ఎవరు పెద్దవాళ్ళయితే వాళ్ళదే తాడు. మా ప్రసంగ వేదికకు కోపం కొత్త కాదని కూడా దీన్నిబట్టి మీరు గ్రహించాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. దాన్ని మేము జెండా వంతు అంటాం. సంఘం జెండా మందిరంలో ఉండదు, ఏడాదికొక ఇంట్లో ఉంటుంది. ఆ ఏడాది వంతు ఎవరిదయితే ఆ ఇంటి ఆడవాళ్ళు దాన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మైనం గుడ్డలో చుట్టి పెట్టెలో దాస్తారు. ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవై ఆరుకీ తీసుకొస్తారు. పెళ్ళికూతుర్ని తెస్తున్నట్టు తెస్తారు. ఏ ఇంటి గంజి గట్టిదో, ఏ ఇంటి మడత బాగుందో అని ఆ తరవాత వారం రోజులు మాటలు నడుస్తాయి.

మా ఇల్లు ఆ వంతుల్లో లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ లేదు. "మా ఇల్లు ఒగ్గీండి" అనేది అమ్మ ఒక్క మాట. అందరూ వదిలేసేవారు. ఎందుకంటే అందరికీ కారణం తెలుసు. తెలుసని అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

డెబ్భై నాలుగు మే నెల, రైల్వే సమ్మె. దేశమంతా చక్రాలు ఆగిపోయాయి. నాన్న యూనియన్ మనిషి. పొద్దున మందిరంలో ప్రార్థన, సాయంత్రం గేటు దగ్గర నినాదాలు, రెండూ ఒకే గొంతుతో చేసేవాడట. సమ్మె మొదలైన రెండో రోజునే పట్టుకుపోయి జైల్లో వేశారు. తరవాత కొన్నాళ్ళకి క్వార్టర్లు ఖాళీ చేయించడానికి పోలీసులు వచ్చారు. నిమ్‌పురాలో మా లైనులో నాలుగు కుటుంబాలని సామాన్లతో సహా రోడ్డు మీద పెట్టి తాళాలు వేశారు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి పుట్టిన నేను అప్పుడు మూడు నెలల గుంటణ్ణి. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అదే సాయంత్రం కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎర్రమట్టి లేస్తుంది, ఆకాశం నల్లబడుతుంది, తరవాత వడగళ్ళు. ఆ ఏడాది జెండా వంతు మాదే. ఆ గలాభాలో సామాన్లతోపాటు జెండా కూడా పోయింది.

ప్రభుత్వం మారాక నాన్నని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. క్వార్టరు కూడా ఇస్తామన్నారు. అమ్మ గడప తొక్కనంది. సుభాష్‌పల్లిలో అద్దె ఇంట్లోనే నేను పెరిగాను. నాన్న రిటైరయ్యాడు, పోయాడు. అమ్మ మాత్రం ఏ ఒక్క ఆగస్టు పదిహేనునా జెండా ముందుకు రాలేదు. మందిరం వెనక రేకుల షెడ్డులో పొయ్యి దగ్గర కూర్చుని అందరికీ బూందీ వేసేది. జాతీయగీతం వినపడితే మాత్రం బూందీ చట్రం వదిలేసి అక్కడే నిటారుగా నిలబడేది. మూకుడులో బూందీ నల్లగా మాడిపోయినా కదిలేది కాదు. కోపం ఉన్న మనిషి అలా నిలబడుతుందా అని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఇంత చదివి, ఇన్ని ప్రసంగాలు చేసి, కళ్ళముందున్న దాన్ని చూడలేదు.

నా లెక్కలో అమ్మ ఈ దేశం మీద అలిగింది. మొగుణ్ణి జైల్లో పెట్టి, పసిబిడ్డతో సహా తనను వానలో నిలబెట్టిన దేశం మీద అలిగింది. అలగడం న్యాయమే. కాని నేను ప్రతి ఆగస్టు పదిహేనుకీ దేశభక్తి మీద మైకు అదిరిపోయేలా ప్రసంగించేవాణ్ణి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో గెలుస్తుంటే నా ఇల్లేమో మందిరం వెనక షెడ్డులో బూందీ వేస్తుండేది.

ఇలా ఉండగా నిరుడు ఈస్టరు వెళ్ళిన వారానికి విల్‌ఫ్రెడ్ తాత ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళుగా తాడు ఆయనదే. సమాధి దగ్గర మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే సిరిల్ బాబాయి నా పక్కకు వచ్చాడు. ఆయన మా సంఘం కార్యదర్శి. గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు గాని జెండా ఊపడం ఇంకా మానలేదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎప్పుడు లేవాలో చెయ్యి ఊపే చెప్తాడు.

"పాస్టరుగారూ, మరి తాడు?" అన్నాడు.

"ఇంకా మట్టయినా ఆరలేదు బాబాయ్."

"అలగని కాదు. వయసు ప్రకారం సుజాతమ్మ వదిన. ఆవిడెలాగూ రాదు. ఆవిడ తరవాత నానే" అన్నాడు సిరిల్ బాబాయి, చాలా వినయంగా. ఆయనకు ఆ తాడు మీద కన్నుందని మా వేపచెట్టుకి కూడా తెలుసు.

నా కోపం అక్కడ మొదలైంది. మా అమ్మ బతికుండగా ఆవిణ్ణి దాటేసి తాడు ఇంకొకళ్ళకి వెళ్ళడమా? ఈ దేశం ఆవిణ్ణి ఒకసారి బయట పెట్టింది చాలదా, సంఘం కూడా పెట్టాలా? ఈ ఆగస్టు పదిహేనున మా అమ్మ చేతే జెండా ఎగరేయిస్తానని ఆ సమాధుల తోటలోనే నిశ్చయించుకున్నాను. ఆవిడకు ఎనభై వస్తున్నాయి. ఇప్పుడు కాకపోతే ఆ అలక ఆవిడతోపాటు మట్టిలోకి పోతుంది. ఆ మాట తలుచుకుంటే నాకు నిజంగానే భయం వేసింది.

అమ్మని అడిగితే, "నాను పట్టుకోను" అంది. ఎందుకంటే చెప్పదు. ప్రసంగాల్లోంచి నరుక్కొద్దామని మూడు ఆదివారాలు వరసగా క్షమాపణ మీద వాక్యం చెప్పాను. మూడో వారం చెప్తూ చెప్తూ నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. ముందు బెంచీలో అమ్మ కదలకుండా విన్నది. ఇంటికెళ్ళాక, "బాగా సెప్పినావురా. సిరిల్ బాబుకి బాగా తగిలింది" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఆ చెవిటివాడు కనీసం మెచ్చుకోడు. మా అమ్మ మెచ్చుకుంటుంది, అదే తేడా.

అసలు గొడవ జూలైలో వచ్చింది. వంతు ప్రకారం జెండా విల్‌ఫ్రెడ్ తాత ఇంట్లో ఉంది. తాత పోయాక వాళ్ళు ఇంటికి తాళం వేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ, దగ్గరగా ఉన్నామని మా అమ్మాయి చేతిలో పెట్టేశారు. మా అమ్మాయి దోర్కా అసిస్టెంట్ లోకో పైలట్. నాన్న ఇంజన్లకు బోల్టులు బిగించిన ఊళ్ళోనే అది ఇంజను ఎక్కి గూడ్సు బండ్లు తీసుకెళ్తుంది. దానికి భయం తెలియదు, మా పద్ధతులూ సరిగ్గా తెలియవు. "ఈ యేడు మిగతా వంతు మనదే" అని జెండాని నవ్వుతూ ఇంట్లోకి తెచ్చేసింది. యాభై ఏళ్ళ తరవాత మా గడప దాటి జెండా లోపలికొచ్చింది. అమ్మ దాన్ని చూసి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం, బయట వాన. దోర్కాకి రెస్టు. జెండా ఉతికి ఆరేసి, బల్ల మీద పరిచి ఇస్త్రీ మొదలెట్టింది. నేను కుర్చీలో కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడింది. కాసేపు చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

"గంజెయ్యలేదేటి?"

"ఇప్పుడు గంజెవరు కాస్తారు నానమ్మా? స్ప్రే ఉంది, కొట్టేస్తే గట్టిగా ఉంటది."

"జెండాకి సెంటు కొడతావేటే గుంటా!" అంటూ అమ్మ రెండంగల్లో బల్ల దగ్గరికొచ్చింది. మడత సరిచెయ్యడానికి చెయ్యి చాచింది. గుడ్డకి బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు.

అది చూసి నేను ఆగలేకపోయాను. పెన్ను పక్కన పారేశాను.

"అమ్మా, యాభై యేళ్ళు అయిపోనాది. నాన్నని లోపలేసినోళ్ళూ పోనారు, మనింటికి తాళం ఏసినోళ్ళూ పోనారు. ఇంకెన్నాళ్ళు మోస్తావు? ఇకనైనా ఈ దేశాన్ని క్షమించీ!"

అమ్మ నావైపు తిరిగింది. ఆవిడ మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. ఆశ్చర్యం ఉంది.

"నాను క్షమించడమేట్రా?" అంది. "అదే నన్ను క్షమించాల."

ఇస్త్రీ పెట్టె పట్టుకుని దోర్కా అలాగే నిలబడిపోయింది. "నానమ్మా, కూకో" అని స్టూలు జరిపింది. అమ్మ కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"సామాన్లన్నీ రోడ్డు మీదున్నాయి. ఎండకి నీ ఒంటి మీద గుడ్డ లేదు. ఒక్కసారిగా గాలొచ్చింది, ఎనకాలే వడగళ్ళు. పరుపు తడిసిపోనాది, నా సీరలు తడిసిపోనాయి, దుప్పట్లు బురదలో ఉన్నాయి. నివ్వు వొణుకుతున్నావు. ఏడుపు కూడా ఆగిపోనాది నీకు. పెదాలు నీలమయిపోనాయి. ఎనిమిదేళ్ళకి పుట్టినోడివి. పెట్టి తీసి సూస్తే అందులో పొడిగా ఉన్నది అదొక్కటే. మైనం గుడ్డలో సుట్టినాను గదా, సుక్క తగల్లేదు. దళసరి ఖద్దరు. నాను ఆలోసించలేదురా. దాంట్లో సుట్టీసినాను నిన్ను. మైనం గుడ్డ పైన కప్పినాను. మందిరం వరండాకి పరిగెట్టినాను."

"అంతేనా?" అన్నాను నేను.

"అంతేనా ఏట్రా? తెల్లారి ఇప్పి సూస్తే నివ్వు దాన్ని తడిపీసినావు. రంగు దిగిపోనాది. తెల్లమీదికి పచ్చ పాకిపోనాది. నీ ఈపంతా పచ్చగా ఉన్నాది! మీ నాన్న జైల్లో ఉన్నాడు. జెండాని అగౌరవం సేస్తే కేసని, జైలని అప్పటికే అందరూ అనుకునీవోరు. పసిగుంటడు ఉచ్చ పోసిన జెండా ఒకటి దొరికితే సాలదేటి ఆల్లకి? సమ్మె సేసినోడి పెళ్ళాం కావాలనే సేసిందంటారు. నీ ఈపు ఎవరికీ సూపించకుండా మూడు రోజులు గుడ్డలో సుట్టి తిప్పినాను. జెండా ఏదంటే సామాన్లలో పోనాదని సెప్పీసినాను."

"నాన్నకి?"

"మీ నాన్నకీ సెప్పలేదు. భయం కొన్నాళ్ళకి పోనాదిలే. కాని సిరిల్ బాబున్నాడే, అప్పుడు కుర్రోడు. జెండా పోనాదని నాను సెప్తే, ఆడు లుంగీ ఎగ్గట్టి మన లైను ముందు మురుక్కాలవంతా గాలించినాడు. రెండ్రోజులు. నాను గట్టు మీద నిలబడి సూసినాను. అది నా పెట్టిలోనే ఉన్నాది. నా నోరు పెగల్లేదు. జెండాని పాడుసేసి, సంఘానికి అబద్ధమాడిన సెయ్యిరా ఇది. దీంతో తాడెలగ పట్టుకుంటాను?"

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. యాభై ఏళ్ళు పైబడిన మగాణ్ణి, కూతురి ముందు కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ప్రతి డిసెంబరులో నేను పిల్లలకి ఆ కథ చెప్తాను. సత్రంలో చోటు దొరకని తల్లి, పుట్టిన బిడ్డని ఏ గుడ్డల్లో చుట్టింది అని అడిగి, "పొత్తిగుడ్డలు" అని మూడుసార్లు అనిపిస్తాను. మా అమ్మ నన్ను ఏ గుడ్డలో చుట్టిందో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"అమ్మా," అన్నాను కళ్ళు తుడుచుకుని, "మరియమ్మ ఆ గుడ్డ ఎక్కడ తెచ్చిందని ఎవరైనా అడిగినారేటి?"

"ఆ గుడ్డ జెండా కాదు గదరా" అంది అమ్మ వెంటనే. వాక్యంతో మా అమ్మని గెలవడం అంత తేలిక కాదు.

అప్పుడు దోర్కా ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "నానమ్మా, సైనికుడు పోతే ఏటి కప్పుతారు?"

"జెండా."

"పోయినోడికి కప్పితే గౌరవం. బతికించుకోడానికి కప్పితే తప్పా?"

నా ప్రసంగాలేవీ చెయ్యని పని ఆ ఒక్క మాట చేసింది. పాస్టర్ని నేనా, ఇదా అని నాకు కొంచెం కష్టంగా కూడా అనిపించింది.

"ముందు గంజి కాసుకు రా" అంది అమ్మ లేస్తూ. "స్ప్రే అంట, స్ప్రే."

తాడు పట్టుకుంటానంది. కాని ఒక షరతు. "ముందు అందరికీ సెప్తాను. తరవాతే పట్టుకుంటాను."

ఇక్కడ మా రెండో యుద్ధం. నేను భయపడ్డాను, దాచడమెందుకు. అసలే రోజులు బాగాలేవు. ఆగస్టు పదిహేనుకి మా వాళ్ళే కాదు, చుట్టుపక్కల బెంగాలీవాళ్ళూ బీహారీలూ యార్డు స్టాఫూ అందరూ వస్తారు. అందరి చేతుల్లో ఫోన్లు. జెండాలో పసిగుంటణ్ణి చుట్టానని ఒక క్రైస్తవురాలు మైకులో చెప్తే, అందులో ముందూ వెనకా కత్తిరించి ఎవడో ఊరంతా తిప్పితే? సిరిల్ బాబాయికి ఒక్కడికీ విడిగా చెప్పేద్దాం, అయిపోతుంది అన్నాను. బతిమాలాను. కసిరాను కూడా.

"దాసిందే యాబై యేళ్ళు దాసినాను" అంది అమ్మ. "ఒప్పుకోడం కూడా దాసుకునే సెయ్యాలా? నివ్వు మైకులో రోజూ ఏటి సెప్తావురా మరి?"



ఆగస్టు పదిహేను పొద్దున వాన తెరిపిచ్చింది. పట్టా ముక్క మోగింది. దోర్కా యూనిఫారంలోనే వచ్చింది, తరవాత డ్యూటీకి వెళ్ళాలి. వేపచెట్టు కింద జనం నిండిపోయారు. జెండా కర్ర పైన, మందారపు రేకులు పోసి కట్టిన మడతలో అమ్మ గంజి పెట్టిన జెండా ఉంది. వెనక షెడ్డులో పొయ్యి వెలగలేదు. ఆ ఏడాది బూందీ ఇందా బజార్లో ఒక కొట్టులో కొన్నాం.

అమ్మ తెల్లచీర కట్టుకుని, చేతిలో ఒక గుడ్డ సంచితో నడిచి వచ్చింది. సిరిల్ బాబాయి చొక్కాకి ఇస్త్రీ, బూట్లకి పాలిష్. ఆఖరి నిమిషంలో వదిన వెనక్కి తగ్గితే తాను సిద్ధంగా ఉండాలి కదా. మైకు అమ్మకి తలకిందులుగా అందించాను. మైకు సరిగ్గా పట్టుకోలేదని అమ్మ నన్నే విసుక్కుంది.

చెప్పింది. నాకు చెప్పినట్టే చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు. సమ్మె, తాళం, గాలి, వడగళ్ళు, నీలమైన పెదాలు. మైనం గుడ్డలో పొడిగా ఉన్న జెండా. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఫోన్లు ఎత్తారు. మా సంఘం పిల్ల ఒకతి పక్కనున్న బెంగాలీ ముసలావిడకి చెవిలో చెప్తోంది. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు అమ్మ సంచిలోంచి ఆ జెండా తీసింది. నేను కూడా చూడటం అదే మొదలు. కాషాయం ఇటికరంగులోకి తిరిగింది, తెలుపు మీద పచ్చ మబ్బులా పాకి ఉంది. మడత మాత్రం చెక్కుచెదరలేదు. గంజి వాసన నాకు అక్కడిదాకా వచ్చింది. ఆ యాభై ఏళ్ళూ దాన్ని ఎప్పుడెప్పుడు ఉతికి గంజి పెట్టిందో ఆవిడకే తెలియాలి. రెండు చేతులతో దాన్ని సిరిల్ బాబాయి ముందుకు చాచింది.

"ఇదిగో బాబూ, సంఘం జెండా. పోలేదు. నా దగ్గిరే ఉన్నాది. అబద్ధమాడినాను."

సిరిల్ బాబాయి దాన్ని చూశాడు. కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "వదినా," అన్నాడు. గార్డు గొంతు ఎటు పోయిందో, చిన్నపిల్లాడి గొంతు వచ్చింది. "కాలవంతా గాలించినాను గదా వదినా."

"సూసినాను బాబూ. గట్టు మీద నిలబడి సూసినాను."

సిరిల్ బాబాయి జెండాని రెండు చేతులతో అందుకుని, గుండెకి ఆనించుకుని, నావైపు తిరిగాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. తరవాత ఆయన గొంతు ఆయనకి వచ్చేసింది.

"ఏటి సూస్తన్నారందరూ? తాడియ్యండి వదినకి!" అని అరిచాడు. అరిచి, అలవాటు కొద్దీ చెయ్యి కూడా ఊపాడు.

చప్పట్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు. అది అమ్మకి నచ్చలేదు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"ఏడుస్తారేటి? పాడుసేసింది నాను ఒక్కదాన్నే కాదు. ఇదిగో, ప్రతి యేడూ జెండాని ఎలగ గౌరవించాలో మీకు సెప్తాడే, ఈ పాస్టరుగారే దాన్ని తడిపినాడు. మూడు రోజులు ఈపంతా పచ్చగా ఉండీది ఈడికి!"

యార్డులో ఇంజన్ల చప్పుడు కూడా వినపడనంత నవ్వు. బెంగాలీలో చెప్పించుకున్నవాళ్ళు రెండో విడత నవ్వారు. ఫోన్లు ఎత్తినవాళ్ళు ఫోన్లు దించి నవ్వారు. దోర్కా కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నేను నిలబడ్డాను. నా జీవితంలో నాకు దొరికిన అతి పెద్ద గౌరవం అదేనని నాకు అప్పుడే తెలుసు. ఈ దేశం నాన్నని జైల్లో పెట్టిన నెలలోనే, ఆ దేశం జెండాయే నన్ను బతికించింది. రెండూ నిజమే. ఒకదాని కోసం ఇంకోటి దాచక్కర్లేదు. ఇన్నాళ్ళూ నేను ఒకటే చెప్తూ వచ్చాను.

అమ్మ తాడు పట్టుకుంది. లాగింది. ముడి కదల్లేదు. రాత్రి వానకి బిగిసిపోయింది. సహాయం చేద్దామని నేను ముందుకు వెళ్తే చూపుతోనే ఆపింది. తాడుని చేతికి ఒక చుట్టు చుట్టుకుని, బావిలోంచి బిందె గుంజినట్టు ఒక్క గుంజు గుంజింది. మందారపు రేకులు ఆవిడ తెల్లజుట్టు మీద పడ్డాయి. గంజి పెట్టిన జెండా పటపటమని విచ్చుకుంది.

జాతీయగీతం పాడాం. అమ్మ ఎప్పటిలాగే నిటారుగా నిలబడింది, ఈసారి అందరికంటే ముందు.

బూందీ పంచాక పద్ధతి ప్రకారం సిరిల్ బాబాయి మైకు పుచ్చుకున్నాడు. పాత జెండాని ఇంకా చంకలోంచి దించలేదు. "వచ్చే యేడు జెండా వంతు ఏ ఇంటిది? వంతు ప్రకారం..." అంటూ జేబులోంచి కాగితం తియ్యబోయాడు.

ఆడవాళ్ళ మధ్యలోంచి అమ్మ చెయ్యి లేచింది.

"నాది" అంది. "డెబ్భై నాలుగులో సగంలో ఒగ్గీసినాను. ఆ సగం నాకు ఇచ్చీండి."